కిడ్నీ జబ్బులో అమైనో ఆమ్లాలు

ఆరోగ్యంగా ఉన్న రెండు మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడపోస్తాయి. ఆ ద్రవంతో పాటు 50 నుంచి 70 గ్రాముల అమైనో ఆమ్లాలు కూడా వడకట్టులోంచి జారిపోతాయి. కిడ్నీలోని సన్నని వడపోత గొట్టాలైన నెఫ్రాన్ల మొదటి మెలికల్లో ఉండే కణాలు వాటిలో నూటికి 97 పాళ్లకు పైగా పట్టి రక్తంలోకి తిరిగి పంపుతాయి. మూత్రంలో పోయేది స్వల్పం. మాంసకృత్తుల ఇటుకలనదగిన ఈ పదార్థాలను శరీరం అంత పొదుపుగా కాపాడుకుంటుంది.

కాపాడటంతో ఆ కణాల పని అయిపోదు. ఒక అమైనో ఆమ్లాన్ని తీసుకుని మరొకదాన్ని తయారుచేసి రక్తానికి ఇవ్వడం వాటి రెండో పని. చిన్నపేగు తయారుచేసి పంపిన సిట్రులిన్‌ను కిడ్నీ తీసుకుని ఆర్జినిన్‌గా మారుస్తుంది. గ్లైసిన్‌ను తీసుకుని సెరిన్‌ను విడుదల చేస్తుంది. తిండి ద్వారానే రావలసిన ఫెనైల్‌అలనిన్ నుంచి టైరోసిన్‌ను తయారుచేయడంలో కాలేయంతో సమానంగా పాలుపంచుకుంటుంది. ఆర్జినిన్, గ్లైసిన్‌లను కలిపి కండరానికి అవసరమైన క్రియాటిన్‌కు తొలి రూపాన్ని ఇస్తుంది. గ్లూటమిన్‌ను విడగొట్టి అమ్మోనియాను పుట్టించి, దాని సాయంతో ఒంట్లోని ఆమ్లాన్ని బయటికి తోస్తుంది. కిడ్నీని జల్లెడ అనుకోవడం అందరికీ అలవాటే కానీ, జల్లెడ వెనకాల ఒక కార్ఖానా కూడా నడుస్తుంటుంది. డయాలసిస్ యంత్రం జల్లెడ పనిని కొంతవరకు చేయగలదు. కార్ఖానా పనిని ఏ యంత్రమూ చేయడం లేదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లకు ఈ తేడా పళ్లెం దాకా వస్తుంది. ఏం తినాలి, ఏది మానాలి అన్న ప్రశ్నకు జవాబు వడపోత ఒక్కదాన్నే చూసి చెబితే ఒకలా ఉంటుంది, అమైనో ఆమ్లాల పనిని కూడా లెక్కలోకి తీసుకుంటే మరొకలా ఉంటుంది.

జబ్బు ముదిరేకొద్దీ రక్తంలో అమైనో ఆమ్లాల వరస మారిపోతుంది. టైరోసిన్ తగ్గి, ఫెనైల్‌అలనిన్‌తో దాని నిష్పత్తి తలకిందులవుతుంది. మామూలు మనిషికి తిండిలో తప్పనిసరి కాని టైరోసిన్ ఈ రోగులకు తప్పనిసరికి దగ్గరగా వస్తుంది. సెరిన్ తగ్గి గ్లైసిన్ పెరుగుతుంది. తీసుకునేవాడు లేక సిట్రులిన్ పేరుకుపోతుంది. సిస్టీన్, హోమోసిస్టీన్, మిథైల్ హిస్టిడిన్‌లు ఎక్కువవుతాయి. ట్రిప్టోఫాన్ తగ్గుతుంది. వేలిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ అనే మూడూ తగ్గుతాయి, వాటిలోనూ వేలిన్ ఎక్కువగా. తిండి తగ్గితే కూడా ఇలాంటి మార్పులు కొన్ని కనిపిస్తాయి కాబట్టి ఇదంతా పోషకాహార లోపమేనని చాలాకాలం అనుకున్నారు. కడుపునిండా తింటున్న రోగుల్లోనూ ఇదే వరస కనబడటంతో ఆ అభిప్రాయం మారింది.

కండరాల లోపల జరుగుతున్నదాన్ని నేరుగా చూసినవాళ్లు స్వీడన్ పరిశోధకులు. సూదితో కండరం ముక్క తీసి పరీక్షించే పద్ధతిని 1962లో యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్ వాడుకలోకి తెచ్చారు. ఆయన బృందం 1990లో, పోషకాహార లోపం లేని డయాలసిస్ రోగుల కండరాల్లో కూడా వేలిన్ తక్కువగా ఉందని, రక్తంలో ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ ఎంత తక్కువైతే వేలిన్ అంత తక్కువగా ఉందని చూపింది. ఇక్కడి నుంచి ఈ విషయానికి అసలు సూత్రం దొరుకుతుంది. అది ఆమ్లం.

మనం తిన్న మాంసకృత్తుల్లో గంధకం ఉన్న మిథియొనిన్, సిస్టీన్‌లు కాలినప్పుడు సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఒంటి బరువు కిలోకు రోజుకు దాదాపు ఒక మిల్లీ ఈక్వివలెంట్ చొప్పున ఆమ్లం తయారవుతుంది. ఆరోగ్యవంతుడి కిడ్నీ గ్లూటమిన్ నుంచి అమ్మోనియా చేసి దాన్ని వదిలించుకుంటుంది. నెఫ్రాన్లు చనిపోతున్నప్పుడు మిగిలిన ఒక్కొక్కటీ తన శక్తికి మించి అమ్మోనియా చేస్తుంది. కొన్నాళ్లు లెక్క సరిపోతుంది. తర్వాత మొత్తం తగ్గి, బైకార్బొనేట్ లీటరుకు 22 మిల్లీ ఈక్వివలెంట్ల కంటే కిందికి దిగుతుంది. మిగిలిన నెఫ్రాన్ల మీద పడే ఈ అదనపు అమ్మోనియా భారమే వాటిని మరింత దెబ్బతీస్తుందన్న వాదనకు కూడా ఆధారాలున్నాయి.

రక్తం ఆమ్లంవైపు జరగగానే కండరంలో రెండు పనులు ఊపందుకుంటాయి. వేలిన్ జాతి అమైనో ఆమ్లాలను కాల్చే ఎంజైమ్ చురుకవుతుంది. పాత మాంసకృత్తులకు గుర్తు తగిలించి ముక్కలు చేసే యుబిక్విటిన్ ప్రోటియాసోమ్ వ్యవస్థ కూడా పని పెంచుతుంది. అమెరికాలో విలియం మిచ్ బృందం 1990లలో ఎలుకల మీద ఈ దారిని విడమరిచి చూపింది. కండరం కరిగితే గ్లూటమిన్ దొరుకుతుంది, దానితో ఇంకాస్త అమ్మోనియా తయారవుతుంది. అంటే ఆమ్లాన్ని వదిలించుకోవడానికి శరీరం తన కండరాన్నే ఖర్చుపెడుతోందన్నమాట. రోగి తొడలు సన్నబడటం, భుజాల దగ్గర ఎముకలు తేలడం, కూర్చున్నచోటి నుంచి చేయి ఆన్చనిదే లేవలేకపోవడం ఇందులోంచే వస్తాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్), ఆకలి చావడం దీనికి తోడవుతాయి. ఈ స్థితికంతటికీ కలిపి ప్రోటీన్, శక్తి క్షయం అన్న పేరును 2008లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఖాయం చేసింది.

బైకార్బొనేట్ మాత్రలతో ఈ ఆమ్లాన్ని సరిదిద్దవచ్చా? 2009లో లండన్‌లో 134 మంది రోగుల మీద జరిగిన అధ్యయనంలో సోడియం బైకార్బొనేట్ తీసుకున్నవారి కిడ్నీ పనితనం నెమ్మదిగా తగ్గింది, పోషణ స్థితి మెరుగైంది. 2020లో బ్రిటన్‌లోనే 60 ఏళ్లు దాటిన 300 మందితో జరిగిన మరో అధ్యయనంలో అలాంటి మేలు కనబడలేదు. కాబట్టి ఈ మాత్ర అందరికీ మంత్రం కాదు. వాపు, రక్తపోటు ఉన్నవాళ్లకు అందులోని సోడియం భారం కూడా అవుతుంది. అయితే బైకార్బొనేట్ ఎంత ఉందో కొలవకుండా వదిలేయడానికి మాత్రం ఏ సమర్థనా లేదు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బయోకెమిస్ట్రీ విభాగం లేని వైద్య కళాశాల ఉండదు, కాబట్టి ఆ కొలత అక్కడే జరగవచ్చు. క్రియాటినిన్, యూరియాలతో పాటు బైకార్బొనేట్, అల్బుమిన్ కూడా కిడ్నీ రోగి చీటీ మీద ప్రతిసారీ ఉండవలసినవే.

క్రియాటినిన్ విషయంలో ఇంకో మాట ఉంది, దానికి తెలుగువారితో నేరుగా సంబంధం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. దశాబ్దాల పాటు ప్రపంచమంతా ప్రయోగశాలలు దాన్నే వాడాయి. ఆ పద్ధతితోనే కండరాన్ని పరీక్షిస్తూ వారిద్దరూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండరం పని చేయడానికి చేతికింద ఉంచుకునే శక్తి అది. ఆ క్రియాటిన్‌ను ఒళ్లు తయారుచేసుకునేటప్పుడు మొదటి మెట్టు ఎక్కువగా కిడ్నీలో, రెండో మెట్టు కాలేయంలో జరుగుతాయి. కండరంలోని క్రియాటిన్ రోజూ కొంత అరిగి క్రియాటినిన్‌గా బయటికి వస్తుంది. కిడ్నీ దాన్ని ఎంత తొలగించగలుగుతోందో చూసి జబ్బు మెట్టును లెక్కగడతారు. అయితే క్రియాటినిన్ పుట్టుక కండరం మీద ఆధారపడింది. బక్కపలచని మనిషికి, తిండి తగ్గి కండరం కరిగినవాడికి, వయసు మళ్లిన స్త్రీకి క్రియాటినిన్ పుట్టేదే తక్కువ. అలాంటివారి రిపోర్టులో అంకె మామూలుగా కనబడుతూనే కిడ్నీ సగం పోయి ఉండవచ్చు. సిస్టాటిన్ సి అన్న పరీక్ష కండరంతో నిమిత్తం లేనిది కనుక అనుమానం ఉన్నచోట అది అక్కరకొస్తుంది. అలాగే డయాలసిస్ మీద ఉన్నవాడి క్రియాటినిన్ నెలనెలా తగ్గుతుంటే సంబరపడకూడదు, కండరం పోతోందేమో చూడాలి.

పేగులో జరిగేది మరో కథ. తిన్న ట్రిప్టోఫాన్‌లో కొంత భాగాన్ని పెద్దపేగులోని బ్యాక్టీరియా ఇండోల్‌గా మారుస్తాయి. కాలేయం దానికి సల్ఫేట్ తగిలించి ఇండాక్సిల్ సల్ఫేట్ చేస్తుంది. టైరోసిన్ నుంచి ఇదే తీరున పారాక్రెసిల్ సల్ఫేట్ వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ గొట్టాలు వీటిని చురుగ్గా మూత్రంలోకి నెట్టేస్తాయి. కిడ్నీ చెడితే ఇవి రక్తంలో అల్బుమిన్‌ను అంటిపెట్టుకుని ఉండిపోతాయి. అంటుకుని ఉన్నందువల్ల డయాలసిస్ ఫిల్టర్ కూడా వాటిని సరిగా తీయలేదు. రక్తనాళాల గోడలకు, మిగిలిన నెఫ్రాన్లకు ఇవి చేటు చేస్తాయని ప్రయోగశాలల్లో గట్టి ఆధారాలు దొరికాయి. కానీ పేగులోనే వాటి మూలాన్ని పట్టేసే బొగ్గు రకం మందును పెద్ద అధ్యయనాల్లో వాడినప్పుడు, 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం, జబ్బు నెమ్మదించలేదు. చేయగలిగిన సాదా పని ఒకటుంది. పీచు ఎక్కువగా తింటే బ్యాక్టీరియా పిండిపదార్థం వైపు మళ్లి అమైనో ఆమ్లాల జోలికి తక్కువగా పోతాయి. మలబద్ధకం లేకుండా చూసుకోవడం కూడా ఇందులో భాగమే. రోజులో ఒక పూట జొన్న రొట్టె తినే ఇల్లు ఈ విషయంలో ముందే ఉంది.

జొన్న పేరు వచ్చింది కనుక హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థను తలచుకోక తప్పదు. దక్కన్‌లో జొన్నే ప్రధానంగా తినే పేదల్లో నయాసిన్ విటమిన్ లోపపు జబ్బైన పెల్లాగ్రా ఎందుకొస్తోందని వెతుకుతూ అక్కడి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960లో లాన్సెట్ పత్రికలో ఒక వాదన ముందుంచారు. జొన్నలో ల్యూసిన్ అవసరానికి మించి ఉండటం వల్ల ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ తయారయ్యే దారి చెడుతోందన్నది ఆ వాదన. తర్వాతి పరిశోధనల్లో కొన్ని దాన్ని ఒప్పుకోలేదు. అయినా ఒక అమైనో ఆమ్లం హెచ్చుతగ్గు మరొకదాని దారిని మార్చగలదన్న ఆలోచనను మన ప్రాంతపు తిండి నుంచే మొదలుపెట్టి లోకం ముందు ఉంచిన ఘనత వారిది. కిడ్నీ జబ్బులో ట్రిప్టోఫాన్ ఇంకో రకంగా దారి తప్పుతుంది. ఒంట్లోని మంట వల్ల అది కైన్యురెనిన్ వైపు ఎక్కువగా పోతుంది, అలా పుట్టినది బయటికి పోలేక నిలిచిపోతుంది.

రక్తనాళాల సంగతి. ఆర్జినిన్ నుంచే నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది. కిడ్నీ రోగుల్లో ఆర్జినిన్ మట్టం పెద్దగా పడిపోదు గానీ దాన్ని పోలిన అసిమెట్రిక్ డైమిథైల్ ఆర్జినిన్ పేరుకుని నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి అడ్డుపడుతుంది. 1992లో లండన్ పరిశోధకులు దీన్ని బయటపెట్టారు. హోమోసిస్టీన్ కూడా గుండెజబ్బుకు కారణమని నమ్మి ఫోలిక్ ఆమ్లం, బి విటమిన్లతో దాన్ని తగ్గించి చూశారు. అమెరికాలో 2,056 మందితో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితం 2007లో వచ్చింది. హోమోసిస్టీన్ తగ్గింది, మరణాలు తగ్గలేదు. రక్తంలో ఒక అంకె పెరగడం వేరు, అదే జబ్బుకు కారణం కావడం వేరు.

ఈ మార్పుల్లో ఎక్కువ భాగం నెఫ్రాన్ గొట్టాల్లో జరిగే పనులకు సంబంధించినవి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనబడే, కారణం తేలని కిడ్నీ జబ్బు లాంటివి వడకట్టు కంటే ముందు గొట్టాలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ దెబ్బతీస్తాయి. మూత్రంలో ప్రోటీన్ అంతగా పోకుండానే జబ్బు ముదరడం వాటి లక్షణం. షుగర్ వల్ల వచ్చే జబ్బు దీనికి భిన్నంగా వడకట్టు దగ్గర మొదలవుతుంది. ఎక్కడ మొదలైనా చివరికి రెండూ ఒకే చోటికి చేరతాయి.

ఇక తిండి. మాంసకృత్తులు తగ్గిస్తే కిడ్నీ రోగికి ఊరట కలుగుతుందని ఇటలీలో 1963లో జోర్డానో, 1964లో జొవన్నెట్టి, మజ్జోరే చూపారు. డయాలసిస్ అందరికీ అందని కాలంలో అది ప్రాణాలు నిలిపిన చికిత్స. 1982లో అమెరికాలో బ్రెన్నర్ బృందం దానికి సిద్ధాంతం ఇచ్చింది. అమైనో ఆమ్లాలు ఎక్కువగా అందితే వడపోత పెరుగుతుంది, మిగిలిన కొద్ది నెఫ్రాన్లు ఆ ఒత్తిడికి అరిగిపోతాయి. 1994లో వెలువడిన పెద్ద అధ్యయనంలో మాత్రం ప్రోటీన్ తగ్గించడం వల్ల వచ్చిన మేలు ఆశించినంత లేదు. ఇప్పటి మార్గదర్శకాలు డయాలసిస్‌కు ముందు దశల్లో కిలో బరువుకు 0.8 గ్రాములు సరిపోతాయంటాయి, నిపుణుల పర్యవేక్షణ ఉంటే 0.55 నుంచి 0.6 దాకా తగ్గించవచ్చంటాయి. 0.3, 0.4 గ్రాములకు దించే పద్ధతి కూడా ఉంది. దానికి రెండు షరతులు. ఒంటి బరువు ఐదు కిలోలకు ఒకటి చొప్పున కీటో అనలాగ్ మాత్రలు రోజూ మింగాలి. అవి నత్రజని లేని అమైనో ఆమ్లాల చట్రాలు, ఒంట్లో వృథా అయ్యే నత్రజనిని పట్టుకుని అమైనో ఆమ్లాలుగా మారతాయి. రెండోది, కిలోకు 30 నుంచి 35 కేలరీల శక్తి తప్పకుండా అందాలి.

ఈ లెక్కలన్నీ మాంసం, పాలు దండిగా తినే దేశాల్లో పుట్టాయి. 50 కిలోల బరువున్న వ్యవసాయ కూలీ లేదా సింగరేణి గనిలో పనిచేసి దిగిపోయిన మనిషి పళ్లెంలోకి చూస్తే లెక్క వేరు. తెలంగాణలో రేషన్ మీద మనిషికి నెలకు ఆరు కిలోల బియ్యం వస్తుంది, అంటే రోజుకు 200 గ్రాములు. అందులో ప్రోటీన్ 16 గ్రాములు. కొనుక్కున్నవి కలిపి రోజుకు 400 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కందిపప్పు తింటే 32, 11 కలిసి 43 గ్రాములు. కిలోకు 0.86. డయాలసిస్‌కు ముందు దశకు చెప్పిన హద్దు దగ్గరే ఆ మనిషి ఇప్పటికే ఉన్నాడు. తగ్గించడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు.

అలాంటివాడికి పప్పు మానేయమని చెబితే ఏమవుతుంది? జబ్బు వల్ల ఆకలి ఎలాగూ తగ్గుతుంది. పప్పు లేని అన్నం నాలుక్కి రుచించక 250 గ్రాముల బియ్యానికి దిగితే అందేది 20 గ్రాముల ప్రోటీన్, దాదాపు 875 కేలరీలు. కిలోకు 0.4 గ్రాములు, 17.5 కేలరీలు. కీటో మాత్రలతో, నిండు శక్తితో మాత్రమే చేయవలసిన కఠిన పథ్యాన్ని ఆ మనిషి మాత్రలు లేకుండా, సగం శక్తితో చేస్తున్నాడు. శక్తి చాలనప్పుడు తిన్న కొద్ది ప్రోటీన్ కూడా కాలిపోతుంది, కండరం కరుగుతుంది, కరిగిన కండరం నుంచి యూరియా పెరుగుతుంది. యూరియా పెరిగింది కనుక ఇంకా పథ్యం పెట్టమంటారు. ఈ వలయాన్ని ఆపాలి. పైగా బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో గంధకపు అమైనో ఆమ్లాలు తక్కువ, రెండూ కలిస్తేనే ఒకదాని లోటు ఒకటి పూడుస్తాయి. పప్పు తీసేస్తే ఉన్న ప్రోటీన్ నాణ్యత కూడా పడిపోతుంది. రోజూ మాంసం తినేవాడికి తగ్గించమని చెప్పడం న్యాయమే. పప్పు గిన్నె అడుగున ఉన్న చారెడు కూడా వద్దనడానికి శాస్త్రంలో ఆధారం లేదు. పొటాషియం ఎక్కువగా ఉన్నవాళ్లు పప్పును నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ నీళ్లు పోసి వండుకోవచ్చు. పప్పుల్లోని ఫాస్ఫరస్ చాలావరకు ఫైటేట్ రూపంలో ఉంటుంది కనుక మాంసంలోని దానంతగా ఒంటికి పట్టదు.

డయాలసిస్ మొదలైన రోజు నుంచి లెక్క తిరగబడుతుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద ఉచితంగా డయాలసిస్ జరుగుతోంది. ఒక్కసారికి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో 6 నుంచి 8 గ్రాముల అమైనో ఆమ్లాలు ఫిల్టర్ గుండా కొట్టుకుపోతాయి. రక్తం ఫిల్టర్ పొరను తాకడం వల్ల ఒంట్లో మంట పెరిగి కండరం కరగడం వేరే. కడుపు ద్వారా చేసే డయాలసిస్‌లో అమైనో ఆమ్లాలతో పాటు రోజుకు 5 నుంచి 15 గ్రాముల ప్రోటీన్ కూడా పోతుంది. అందుకే డయాలసిస్ రోగికి కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలి. అదే 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. పైన చెప్పిన 43 గ్రాముల పళ్లెం ఇప్పుడు చాలదు. రెండు కోడిగుడ్లతో 12 గ్రాములు వచ్చి చేరతాయి. ఫాస్ఫరస్ ఎక్కువైనవాళ్లకు తెల్లసొన నయం, ఒక్కోదానిలో మూడున్నర గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, ఫాస్ఫరస్ దాదాపు ఉండదు. చేప, కోడిమాంసం తినేవాళ్లకు దారి ఇంకా సులువు.

ఏళ్ల తరబడి ప్రోటీన్ వద్దని విన్న చెవికి ఒక్కరోజులో ప్రోటీన్ తినమని చెప్పడం తేలిక కాదు. ఇంట్లో వండిపెట్టేవాళ్లకు కూడా ఆ మాట చేరాలి. డయాలసిస్‌కు ముందు తీసిన పరీక్షలో యూరియా మరీ తక్కువగా ఉంటే జబ్బు తగ్గిందనుకోవడం పొరపాటు, ఆ మనిషి తినడం మానేశాడేమో అడగాలి. అదనపు నీరు తీసేశాక ఉండే ఎండు బరువు తగ్గుతోందా, అల్బుమిన్ పడిపోతోందా, చేతి పట్టు సడలుతోందా అని నెలకోసారి చూడటానికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు.

కిడ్నీ మార్పిడి జరిగితే కార్ఖానా కూడా తిరిగి వస్తుంది. కొత్త కిడ్నీ కుదురుకున్నాక సిట్రులిన్ తగ్గుతుంది, టైరోసిన్, సెరిన్ మామూలు మట్టం వైపు జరుగుతాయి, ఆమ్లం బయటికి పోవడం మొదలవుతుంది. హోమోసిస్టీన్ తగ్గినా చాలామందిలో మామూలు కంటే కొంత ఎక్కువగానే మిగులుతుంది. మార్పిడి తర్వాత వాడే స్టెరాయిడ్ మందులు కండరాన్ని కరిగిస్తాయి కనుక మొదటి వారాల్లో ప్రోటీన్ ఎక్కువ కావాలి. గాయం మాని, మందుల మోతాదు తగ్గాక కిలోకు 0.8 నుంచి 1.0 గ్రాము చాలు.